అంతరాయం మామయ్య పాటకి ముగింపు

మా దేశంలో నలభై దాటినవాళ్ళని ఎవరినైనా రోడ్డు మీద ఆపి, రేడియోలో లైను తెగినప్పుడు వచ్చే పాట ఎలా ఉండేదని అడిగి చూడండి. ఆలోచించకుండా కూనిరాగం తీసేస్తారు. బస్సు డ్రైవరు తీస్తాడు, బ్యాంకు మేనేజరు తీస్తాడు, పళ్ళూడిన ముసలమ్మ కూడా తీస్తుంది. అయితే అందరూ ఒకే చోట ఆగిపోతారు. పైకి ఎక్కి, ఒక మెలిక తిరిగి, మళ్ళీ మొదటికే వచ్చేస్తారు. ఆ తర్వాత ఏముందని అడిగితే నీళ్ళు నములుతారు. వాళ్ళ తప్పేం లేదు. ఆ తర్వాతి ముక్క రేడియోలో ఎన్నడూ రాలేదు. ఆ పాట కట్టినవాడూ, క్లారినెట్ మీద వాయించినవాడూ మా మామయ్యే. మిగిలిన ముక్క ఆయన దగ్గరే ఉండిపోయింది.

అది చివరికి ఎలా బయటపడిందో చెప్పకపోతే నాకు కడుపుబ్బరంగా ఉంటుంది. మాట దాచుకోలేని మనిషిని, పైగా కాస్త నోరున్నదాన్ని. రోజంతా వార్తలు చెప్పే టీవీ చానల్లో పని చేస్తాను. తెర అడుగున పరిగెత్తే అక్షరాలు రాసేది నేనే. మా దగ్గర ఒక్క క్షణం మాట ఆగిందంటే పైనుంచి కింది దాకా అందరికీ చెమటలు పట్టేస్తాయి. చెప్పడానికి ఏమీ లేకపోతే చెప్పిందే మళ్ళీ చెబుతాం, ఈసారి ఇంకాస్త గట్టిగా. అలాంటి చోట పని చేస్తున్నాను కనకే మామయ్య చేసిన ఉద్యోగం ఏమిటో నాకు మిగతావాళ్ళకన్నా బాగా అర్థమైందని నా నమ్మకం.

ఆయన చేరేనాటికి దేశం మొత్తానికీ ఒకటే రేడియో, అదీ ప్రభుత్వానిది. పేపర్లు ఉండేవిగానీ, పొద్దున్న అచ్చయిన పేపరు దూరపు ఊళ్ళకి చేరేసరికి మర్నాడయ్యేది. ఏ సంగతైనా ముందు రేడియోలో తెలియాల్సిందే. ఇంటింటికీ రేడియో ఎక్కడిది? సెలూన్లో ఒకటి, సైకిల్ షాపులో ఒకటి, కాస్త ఉన్నవాళ్ళింట్లో గుడ్డ కప్పి ఒకటి. వార్తల వేళకి సెలూన్లో సగం గడ్డం గీయించుకున్నవాడు కుర్చీలోనే ఉండిపోయేవాడు, కత్తి పట్టుకున్నవాడు గాల్లోనే చెయ్యి ఆపేసేవాడు.

చట్టసభ నుంచో, ఆటస్థలం నుంచో, ఓడరేవు నుంచో మాటలు టెలిఫోన్ తీగల మీద స్టేషన్‌కి రావాలి. తీగలేమో స్తంభాల మధ్య ఊగుతూ ఉండేవి. గాలేస్తే తెగేవి, లారీ గుద్దితే తెగేవి, ఏమీ జరక్కపోయినా తెగేవి. రేడియో మూగబోతే జనం దాని నెత్తిన రెండు వేసి, అప్పటికీ పలక్కపోతే కట్టేసి పోయేవాళ్ళు. మొదట్లో గ్రామఫోను రికార్డు వేసేవారట. రికార్డు ఏ అరలో ఉందో, సూది ఎక్కడ పెట్టారో వెతికేలోపు సగం దేశం రేడియోలు కట్టేసేది. అప్పుడు ఒక డైరెక్టరుగారికి, రికార్డు బదులు మనిషినే కూర్చోబెడితే పోలా అన్న ఆలోచన తట్టింది. ఆ మనిషి మామయ్య.

పెద్ద స్టూడియో పక్కన బీరువాకన్నా కాస్త పెద్ద గది. గోడలకి చప్పుడు పీల్చే అట్టలు, ఒక స్టూలు, ఒక మైకు, ఎదురుగా ఎర్ర దీపం. దీపం వెలిగితే వాయించాలి, ఆరితే ఆపాలి. క్లారినెట్ మూతికి బిగించే రెల్లు బద్ద ఒకటుంటుంది, రీడ్ అంటారు. అది తడిగా ఉంటేనే పలుకుతుంది. దీపం ఎప్పుడు వెలుగుతుందో తెలియదు కాబట్టి మామయ్య డ్యూటీలో ఉన్నంతసేపూ ఆ రీడ్‌ని నోట్లో పెట్టుకునే ఉండేవాడు. దాంతో మాట్లాడే వీలుండేది కాదు. టీ కావాలంటే వేళ్ళతో చెప్పేవాడు, చక్కెర ఎంతో కనుబొమలతో చెప్పేవాడు. దేశంలోకెల్లా ఎక్కువ మాటలు పలికే ఆ చోట నోరు మెదపని ఉద్యోగి ఆయనొక్కడే.

ఇక అసలు నియమం. పాట ముగిసినట్టు వినపడకూడదు. ముగిసిందంటే జనం కార్యక్రమమే అయిపోయిందనుకుని రేడియో కట్టేస్తారు. మెట్లెక్కు, వరండాలో తిరుగు, మళ్ళీ దిగు, గడప మాత్రం దాటకు అని డైరెక్టరు చెప్పాడట. మామయ్య అలాగే తిరిగాడు, ఒక ఉద్యోగ జీవితమంతా. కానీ పాట కట్టినవాడికి లోపల ఏ గది ఉందో తెలియకుండా ఉంటుందా? ముగింపు ఎప్పుడో కట్టేసుకున్నాడు. ఎవరికీ వినిపించలేదంతే. ఇంట్లో వాయించమంటే తల అడ్డంగా ఊపేవాడు. అది రేడియో పాట, ముగిస్తే రేడియోలోనే ముగిస్తానని ఆయన పట్టుదల.

అత్తయ్య ఈ మాట వినపడితే చాలు, అందుకునేది. "చివర ఉంటే కదా వాయించడానికి! మీ మామయ్యకి ఏ పనీ పూర్తి చేసే అలవాటు లేదు. అదిగో, అల్మారాకి ఒక తలుపు రంగేసి రెండోది వదిలేశారు, చూడు."

నిజంగానే ఆ రెండో తలుపు నా చిన్నప్పటి నుంచీ అలాగే ఉంది. నా సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిచాయి. మామయ్య స్టేషన్‌లో ఎంత మౌనమో ఇంట్లో అంత సందడి. పొద్దున్నే బాత్‌రూమ్‌లో చెంబు చప్పుడూ, ఈలా కలిసి వినపడేవి. ఆ కాసేపు వంటింట్లో గిన్నె కదిలేది కాదు. నేను పరిగెత్తుకొస్తే అత్తయ్య కళ్ళతోనే గదిమి కూర్చోబెట్టేది. పాపం, పొద్దున్న లేచింది మొదలు పని కదా, ఆ కాస్సేపూ నడుం వాలుస్తోందేమో అనుకునేదాన్ని.

లైను తెగినప్పుడల్లా ముందు అనౌన్సర్ "అంతరాయానికి చింతిస్తున్నాం" అనేది, వెంటనే మామయ్య పాట మొదలయ్యేది. దాంతో వీధి వీధంతా ఆయనకి అంతరాయం అని పేరు పెట్టేసింది. అంతరాయం గారు, అంతరాయం గారి భార్య, నేను అంతరాయం గారి మేనకోడలిని. బయట వాయించడానికి మాత్రం ఎవరూ పిలిచేవారు కాదు. మా అమ్మ పెళ్ళిలో ముచ్చటపడి క్లారినెట్ బయటికి తీశాడట. నాలుగు స్వరాలు పలికాయో లేదో పెళ్ళికొచ్చినవాళ్ళంతా లేచి నిలబడి, ఏమైంది, ఎవరు పోయారని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. మా నాన్న తాళం వేసి మరీ ఆ పెట్టెని అటక ఎక్కించాడు.

జనాన్ని మాత్రం ఏమనగలం? ప్రభుత్వం పడిపోయి సైనికులు స్టేషన్‌లోకి వచ్చిన పొద్దున్న, ప్రకటన ఎవరు చదవాలో వాళ్ళలో వాళ్ళకి తేలక, ఆ పూటంతా దేశం విన్నది మామయ్య క్లారినెట్టే. తుపాకీ పట్టుకున్న ఒక అధికారి విసిగిపోయి వేరే పాట రాదా అని అడిగాడట. మామయ్య దీపం వైపు చూపించి, అది వెలుగుతున్నంతసేపూ ఇదేనన్నట్టు సైగ చేశాడు. సైన్యం వెళ్ళిపోయిన రోజున కూడా అదే పాట. ఓడిన పార్టీ వచ్చినా, గెలిచిన పార్టీ పోయినా అదే. నా వయసువాళ్ళు చరిత్ర పాఠాల్లో చదువుకున్నదంతా అమ్మానాన్నలకి ఆ పాటతోనే గుర్తుంది.

ఆ రేడియోలో జరిగిన ఒక పొరపాటు ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. అప్పుడు గద్దె మీదున్న పెద్దాయన ఉపన్యాసం అందుకున్నాడంటే అడ్డూ అదుపూ ఉండేది కాదు. కామా ఫుల్‌స్టాపుల దగ్గరైనా ఊపిరి తీసుకునేవాడు కాదు. ఒక రోజు ఆయన ఎరువుల కొరత గురించి చెబుతూ చెబుతూ గొంతెండిపోయి మంచినీళ్ళ గ్లాసు కోసం వంగాడు. ఆ మనిషి మాట ఆపడమన్నది స్టేషన్ ఇంజనీరు తన సర్వీసులో ఎరగడు. లైను తెగిందనే అనుకున్నాడు. మీట నొక్కాడు, దీపం వెలిగింది, మామయ్య అందుకున్నాడు, ఇంజనీరు లైను ఎక్కడ తెగిందో వెతకడానికి పరిగెత్తాడు.

ఇంకేముంది! బజార్లో పెద్దాయన పోయాడన్నారు. పోలేదు, దించేశారని ఇంకొందరు. షట్టర్లు దబదబా పడిపోయాయి. బడిపిల్లల్ని ఇళ్ళకి తోలేశారు. ఎదురు పార్టీ ఆఫీసులో ఒకాయన ఏకంగా బాల్కనీలోకి వచ్చి, కింద పోగైన జనానికి దండాలు పెడుతూ, రేపటి నుంచి దేశం ఎలా ఉండబోతోందో వివరించడం మొదలుపెట్టాడు. అంతలో పాట తెగి, ఎరువుల కొరతే మళ్ళీ అందుకుంది. బాల్కనీ ఆయన దండం పెట్టిన చేతులు పెట్టినట్టే వెనక్కి నడుచుకుంటూ లోపలికి వెళ్ళాడట. తర్వాత విచారణ పెట్టి, ఎవరి ఆజ్ఞతో వాయించావని మామయ్యని నిలదీశారు. మామయ్య నోట్లోంచి రీడ్ తీసి, "దీపం వెలిగిందండి" అని, మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. అంతకన్నా రాబట్టలేక వదిలేశారు. పెద్దాయన మాత్రం ఆ తర్వాత ఏ ఉపన్యాసంలోనూ మంచినీళ్ళు ముట్టుకుంటే ఒట్టు.

తర్వాత టీవీ వచ్చింది. వీధికి ఒకటి, ఆ ఇంటి కిటికీకి వేళ్ళాడుతూ పాతికమంది. టీవీలో బొమ్మ పోయినప్పుడు పూలకుండీ బొమ్మతో అట్ట ఒకటి చూపించేవారు, వెనక మామయ్య పాట. ఈసారి రికార్డు చేసి పెట్టుకుంటామన్నారు. మామయ్య ఆశగా, పాట చివరిదాకా వాయించమంటారా అని అడిగాడు. వద్దు, తిరిగే ముక్క చాలన్నారు. ఆ టేపు రెండు కొసలూ కలిపి అతికించేశారు, ఎంతసేపు తిప్పినా ఆగకుండా. ఆ రోజు ఇంటికొచ్చి ఆయన అన్నం సరిగ్గా తినలేదని అత్తయ్య చెబుతుంది.

టేపు వచ్చాక మనిషి ఎందుకు? పదవీ విరమణ సభలో డైరెక్టరు పొగిడి పొగిడి, మీ పాట ఇవాళ పూర్తిగా వినాల్సిందే అన్నాడట. మామయ్య రీడ్ తడిపి, నిలబడి, ఊపిరి తీసుకునేలోపు ఎవరో వచ్చి మంత్రిగారు ఫోన్లో ఉన్నారన్నారు. డైరెక్టరు లేచాడు, ఆయన వెనకే సభ అంతా లేచింది.

ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. ఇళ్ళ మీద డిష్ గొడుగులు మొలిచాయి, చానళ్ళు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. ఏ చానల్ వెనక ఎవరున్నారో, ఎవరి గొంతు దేనికోసం లేస్తోందో ఇప్పుడు మా అత్తయ్యక్కూడా తెలుసు. ఒకే వార్తని మూడు చానళ్ళలో తిప్పి తిప్పి చూసి, ఈ ముగ్గురూ చెప్పనిదేదో అదే జరిగుంటుందని తేల్చేస్తుంది. పేపరు గుమ్మంలో పడేసరికి అందులో ఉన్నవన్నీ ఫోన్లో చదివేసి ఉంటున్నాం. ఇక ప్రతివాడి జేబులోనూ ఒక స్టేషనే. తెగడానికి తీగలు లేవు, ఆగడానికి ఎవరికీ తీరిక లేదు. మామయ్య నా ఉద్యోగం చూడ్డానికి ఒకసారి మా చానల్‌కి వచ్చాడు. అందరూ ఒకేసారి అరుస్తున్న చర్చ ఒకటి కాసేపు విని, వీళ్ళకి దీపం లేదా అని అడిగాడు. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వచ్చింది.

రేడియో స్టేషన్ మాత్రం ఊరి ఎగువన, మిట్ట మీద, అలాగే ఉండేది. మామయ్య రోజూ వినేవాడు. ఈ ఏడు వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం అందులో ప్రకటన వచ్చింది. వచ్చే వారం నుంచి పాత ట్రాన్స్‌మిటరు ఆపేస్తున్నారు, ఇకపై కార్యక్రమాలన్నీ ఫోన్లోనే వినాలి. మామయ్య మొహం పాలిపోయింది. ఆ పాట ఏ గాలిలో తిరిగిందో ఆ గాలిలోనే ముగియాలని కదా ఆయన కోరిక! నేను మర్నాడే ఆయన్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాను. డైరెక్టరు నా వయసువాడే, మర్యాదగానే మాట్లాడాడు. పాటలన్నీ పైనున్న ప్రధాన కార్యాలయం కంప్యూటర్లోంచి వస్తాయనీ, ఇక్కడ ఎవరితోనూ వాయించే పద్ధతి పోయిందనీ చెప్పాడు. నేను ఒంటికాలి మీద లేచాను. నా నోట్లోంచి ఏమేం వచ్చాయో ఇక్కడ రాయలేను. మామయ్యే నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

దారిలో, పోనీలే పిల్లా అన్నాడు. పై పళ్ళు కట్టుడు పళ్ళయ్యాయి, క్లారినెట్ మూతి మీద ఆనితే జారుతున్నాయి, ఊపిరి కూడా మునుపట్లా లేదు, వాయించి నవ్వులపాలయ్యే బదులు ఇదే నయం అన్నాడు. నవ్వే మొగాడెవడో నాకు చూపించమన్నాను.

ఆ వారంలోనే తుపాను వచ్చింది. మనుషులు చాలక నన్నూ పంపితే, నేను కెమెరా వ్యానుతో నది ఒడ్డునున్న కింది పేటకి బయల్దేరి, రోడ్లు మునిగి, మామయ్యవాళ్ళ వీధి దగ్గర చిక్కుకుపోయాను. పొద్దున్న పదింటికే కరెంటు పోయింది, ఆ వెంటే టవర్లన్నీ పడుకున్నాయి. ఫోన్లు పలకవు, నెట్ లేదు, మా చానల్ నల్లబడింది. ఊళ్ళో అంతమందిమి వార్తలవాళ్ళం, ఒకరి మాట ఒకరికి చేర్చే దిక్కు లేదు. మేడ మీదికి వెళ్ళేసరికి మామయ్యా, అత్తయ్యా, పక్కింటివాళ్ళూ బ్యాటరీ రేడియో చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆ పెట్టె ఒక్కటే మాట్లాడుతోంది.

జనరేటరు మీద నడుస్తున్న స్టేషన్‌లోంచి అనౌన్సరమ్మాయి గొంతు. నది గట్టు తెగొచ్చని భయంగా ఉంది, పెద్ద వంతెన గట్టిగా ఉందో లేదో చూస్తున్నారు, కింది పేటవాళ్ళు తొందరపడి వంతెన ఎక్కొద్దు, నిర్ణయం రాగానే చెబుతాం, రేడియో కట్టేయకండి. చెప్పిందే చెబుతోంది, గొంతు బొంగురుపోయింది. ఉన్నట్టుండి ఒక మాట సగంలో తెగిపోయింది. తర్వాత ఏమీ లేదు.

మామయ్య లేచి నిలబడ్డాడు.

"కట్టేస్తారు," అన్నాడు. "స్టేషన్ కూడా మునిగిందనుకుని కట్టేస్తారు. కట్టేసి వంతెన మీదకి పోతారు."

అత్తయ్య అప్పటికే పరుపు కింది నుంచి క్లారినెట్ పెట్టె లాగి ఆయన చేతికిచ్చింది. మఫ్లరు చుట్టింది. మా వ్యాను ఎత్తైనది కావడం అదృష్టం. మోకాలి లోతు నీళ్ళలో మిట్ట ఎక్కుతుంటే మామయ్య పక్క సీట్లో బుగ్గలు లోపలికి పీల్చుకుని కూర్చున్నాడు. ఏదో అడిగితే బదులు చెప్పలేదు. చూస్తే రీడ్ నోట్లో ఉంది!

స్టేషన్‌లో ఇంజనీరూ, అనౌన్సరమ్మాయీ, గేటు కాపలాదారూ తప్ప ఎవరూ లేరు. డైరెక్టరు వరదకి అవతల చిక్కుకుపోయాడు. అనౌన్సరుకి గొంతు పూర్తిగా పోయి గుసగుస మాత్రమే వస్తోంది. వరద ఆఫీసు నుంచి వచ్చే లైను తెగింది, కబురు కోసం పోలీసాయన ఒకడు మోటార్ సైకిల్ మీద వెళ్ళాడు. ప్రధాన కార్యాలయం నుంచి పాటలు అందుకునే కంప్యూటరు జనరేటరు కరెంటుకి లేవనంటోంది. మామయ్య ఇవేవీ విన్నట్టు లేడు. తిన్నగా తన పాత గదిలోకి నడిచాడు. అందులో చీపుళ్ళూ, బకెట్లూ పెట్టుకున్నారు. నేనూ కాపలాదారూ వాటిని బయటికి విసిరేశాం. ఇంజనీరు వైరు లాగి మైకు కలిపాడు. గోడ మీద దీపం ఇంకా ఉంది. పనిచేస్తుందా అని అనుమానంగా మీట నొక్కాడు. వెలిగింది.

మొదటి స్వరం కీచుమంది, పళ్ళు జారాయి. మామయ్య దవడ బిగించి మళ్ళీ అందుకున్నాడు. ఈసారి పలికింది. నా చిన్నప్పుడు కిటికీలన్నిటిలోంచి వచ్చిన పాట, అదే పాట, నా పక్కనే పుడుతోంది. ఏడుపొచ్చేసింది, ఆపుకోలేదు కూడా. కింది పేటలో ఒక బడి మేడ మీద ఉన్నవాళ్ళు తర్వాత నాతో చెప్పారు. అప్పటికే మూటలు నెత్తికెత్తుకుని వంతెన వైపు దిగుతున్నారట. ఎవరి చేతిలోనో రేడియో ఈ పాట అందుకోగానే పెద్దవాళ్ళంతా ఠక్కున ఆగిపోయారు. ఇది ఆయనే, ఏదో కబురొస్తుంది, ఆగండని పిల్లల్ని వెనక్కి లాగారట.

మామయ్య మెట్లెక్కాడు, వరండాలో తిరిగాడు, దిగాడు. మళ్ళీ ఎక్కాడు. గడప దాకా వచ్చినప్పుడల్లా నేను లోపలికి వెళ్ళిపొమ్మని చేతులతో సైగ చేశాను. వచ్చే వారం ఈ ట్రాన్స్‌మిటరే ఉండదు, ఇంతకన్నా అవకాశం ఎప్పుడొస్తుంది? మైకు తెరిచి ఉంది కాబట్టి అరవలేకపోయాను, లేకపోతే అరిచేదాన్నే. ఆయన నా వంక చూసి తల అడ్డంగా ఊపాడు. పాట ముగిస్తే జనం కదులుతారు. ఊపిరి అందక మెడ మీద నరాలు ఉబ్బుతున్నాయి, నుదురంతా చెమట, అయినా గడప దగ్గర వెనక్కి తిరుగుతూనే ఉన్నాడు. జన్మంతా కోరుకున్నది అడుగు దూరంలో ఉంటే ఒక మనిషి అలా తిరిగి రావడం నేనింకెక్కడా చూడలేదు. కోపమొచ్చింది, కాళ్ళ మీద పడాలనీ అనిపించింది.

పోలీసాయన నిలువునా తడిసి లోపలికి వచ్చిపడ్డాడు. గట్టు నిలబడింది. వంతెన మాత్రం ఒక పక్కకి కుంగిపోయింది, ఎవరూ ఎక్కకూడదు, పడవలు పై రేవుకి వస్తున్నాయి. అనౌన్సరు గొంతు రాకపోవడంతో ఆ కబురు చదివింది నేను. తెర అడుగున పరిగెత్తే అక్షరాలు తప్ప నోటితో వార్త చెప్పడం నాకదే మొదలు. ఒకసారి చెప్పడం, మామయ్య కాసేపు వాయించడం, మళ్ళీ చెప్పడం, అలా మధ్యాహ్నం దాకా సాగింది. కింది పేటవాళ్ళ చివరి పడవ రేవు చేరిందన్న కబురు వచ్చేసరికి వాన కూడా తెరిపిచ్చింది.

మామయ్య అలవాటుగా క్లారినెట్ విప్పదీయబోయాడు. అనౌన్సరమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. మైకు దగ్గరికి వెళ్ళి, ఆ మిగిలిన గుసగుసతోనే అంది: "ఇక మీరు రేడియో కట్టేసుకోవచ్చు. కట్టేసేముందు ఈ పాట చివరిదాకా వినండి."

మామయ్య బిత్తరపోయి దీపం వంక చూశాడు. వెలుగుతూనే ఉంది. ఇంజనీరు మీట మీద నుంచి చెయ్యి తీసేసి జేబులో పెట్టుకున్నాడు.

వాయించాడు. మెట్లెక్కాడు, మెలిక తిరిగాడు, గడప దగ్గరికి వచ్చాడు, లోపలికి అడుగుపెట్టాడు. ఎంత చిన్న ముక్కో! ఆర్భాటమేమీ లేదు. ఒక్కొక్క స్వరమే మెల్లగా కిందికి దిగి, అన్నిటికన్నా కింది స్వరం దగ్గర కాసేపు నిలబడి, ఊపిరితో పాటు ఆగిపోయింది. రేడియోలో నిశ్శబ్దం అలాగే సాగింది. ఈసారి దాన్ని పూరించాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఇంటికి వచ్చేసరికి మెట్ల మీద జనం. అంతరాయం గారు అంతరాయం గారు అంటూ ఒకటే గోల, చేతులు ఊపేవాళ్ళు, భుజం తట్టేవాళ్ళు. నేనైతే గాల్లో తేలుతున్నాను. మామయ్యకి అవేవీ పట్టడం లేదు. తిన్నగా అత్తయ్య ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఇన్నేళ్ళ ఎత్తిపొడుపులకి ఇవాళ జవాబు చెప్పేశానన్న గర్వం మొహంలో దాగడం లేదు.

"విన్నావా?" అన్నాడు. "చివర ఉందా, లేదా?"

అత్తయ్య తువ్వాలు తెచ్చి ఆయన తల తుడవడం మొదలుపెట్టింది.

"ఉందని నాకెందుకు తెలియదు? రోజూ బాత్‌రూమ్‌లో ఈల వేసేది అదేగా. పెళ్ళయిన కొత్తలో నుంచీ వింటున్నాను."

తను ఈల వేస్తానన్న సంగతే మామయ్యకి తెలియదు. నాకు వంటింట్లో కదలని గిన్నెలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"మరి ఇన్నాళ్ళూ చివరే లేదంటూ దెప్పావెందుకు?" అన్నాడు మామయ్య.

అత్తయ్య తువ్వాలుతో ఆయన చెవులు కూడా గట్టిగా తుడిచింది.

"తెలుసని చెబితే ఈల మానేస్తారని," అంది.